లివర్ సిర్రోసిస్ రోగికి కడుపు మాడ్చే పథ్యం వద్దు

కాలేయ జబ్బు అనగానే మన ఇళ్లలో ముందు గుర్తుకొచ్చేది పథ్యం. పప్పు వద్దు, గుడ్డు వద్దు, చప్పిడి మజ్జిగన్నంతో సరిపెట్టమని పెద్దలు చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. కాని సిర్రోసిస్ ఉన్నవారికి ఈ పథ్యం కీడే చేస్తుంది.

మద్యం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, కొవ్వు పేరుకోవడం వంటి కారణాల వల్ల కాలేయం ఏళ్ల తరబడి దెబ్బతిని గట్టిపడటమే సిర్రోసిస్. ఆరోగ్యమైన కాలేయం పగలు తిన్న ఆహారంలో కొంత శక్తిని దాచి, రాత్రివేళ శరీరానికి అందిస్తుంది. గట్టిపడిన కాలేయంలో ఆ నిల్వ చాలా తక్కువ. ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తుంటే ఎలాగో, వీరికి ఒక్క రాత్రి ఖాళీ కడుపు అలాగే. అప్పుడు శరీరం కండను కరిగించుకుంటుంది. కండ తగ్గినకొద్దీ నీరసం, ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయి.

తూకం చూసి మోసపోవద్దు

పొట్టలో, కాళ్లలో నీరు చేరితే కండ కరుగుతున్నా బరువు తగ్గదు. అందుకే డైటీషియన్ నీటి బరువును తీసివేసి లెక్క కడతారు. పొట్టలో నీరు కొద్దిగా ఉంటే 5 శాతం, ఒక మాదిరిగా ఉంటే 10, ఎక్కువైతే 15 శాతం తగ్గిస్తారు. కాళ్లవాపు ఉంటే మరో 5 శాతం. టేపుతో దండచేయి కొలుస్తారు, పిడికిలి బలం చూస్తారు, ఈమధ్య ఎంత తింటున్నారో అడుగుతారు. ఇంట్లో మీరూ గమనించండి: జాకెట్టు చేతులు వదులయ్యాయా? చేతి ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారా?

ఏమి తినాలి?

* నీటి బరువు తీసివేశాక కిలోకు రోజుకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 కిలోల వ్యక్తికి 60 నుండి 75 గ్రాములు. పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, చేప తినవచ్చు.
* పగటిపూట మూడు నాలుగు గంటలకొకసారి కొద్దికొద్దిగా తినాలి.
* పడుకునే ముందు ఏదో ఒకటి తప్పక తినాలి. రెండు ఇడ్లీలు, గ్లాసు పాలు చాలు. షుగర్ ఉన్నవారు డాక్టరును అడగాలి.
* పొట్టలో నీరుంటే ఉప్పు రోజంతటికీ ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు మించరాదు. ఊరగాయ, అప్పడం, ఎండుచేప మానాలి. నిమ్మరసం, జీలకర్రతో రుచి తెచ్చుకోవచ్చు.
* మద్యం చుక్కైనా వద్దు. పసరు మందులు వద్దు.

మత్తుగా ఉండటం, మాట తడబడటం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, జ్వరం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మత్తు వస్తే మాంసకృత్తులు ఆపాలని పూర్వం అనుకునేవారు. ఇప్పుడు ఆ సలహా ఇవ్వడం లేదు. మీ అంతట మీరు ఆపవద్దు.

ఉపవాస ప్రార్థనల సంగతి

శ్రమల దినాలలో, ఉపవాస కూటాలలో సిర్రోసిస్ రోగులు ఆహారం మానరాదు. వారు తిని ప్రార్థించవచ్చు. ఈ మాట సంఘకాపరులు చెబితే రోగి మనస్సు నెమ్మదిస్తుంది. మార్కు సువార్త 5వ అధ్యాయంలో యాయీరు కుమార్తెను బ్రతికించిన ప్రభువు, ఆ వెంటనే ఆమెకు ఆహారం పెట్టమని ఇంటివారికి చెప్పాడు. మన ఇంటి రోగికి ఈ రాత్రి పడుకునే ముందు ఏమి పెడుతున్నామో చూసుకుందాం.