సైకిల్‌కు సస్పెన్షన్ ఎంత ఉండాలి?

తపతి నది అరేబియా సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న సూరత్ మైదాన నగరం. అయినా దేశంలోని ఇతర నగరాల్లాగే ఇక్కడి సైకిల్ షాపుల్లోనూ కొండదారుల కోసం రూపొందిన మౌంటెన్ బైకులు అమ్ముతారు. వాటి ముందు ఫోర్కులో స్ప్రింగులుంటాయి. కొన్నింటికి సీటు కింద మరో స్ప్రింగు కూడా ఉంటుంది. లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో మరమగ్గాల మీద ఆధారపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పనికి వెళ్లడానికో, పిల్లల బడికో సైకిల్ కొనే అలాంటి ఇంటికి ఆ స్ప్రింగుల కోసం పెట్టే అదనపు ఖర్చు చిన్నదేమీ కాదు. ఇంతకీ అవి ఎంత అవసరం?

స్ప్రింగు ఒక్కటే చాలదు

చక్రానికి దెబ్బ తగిలినప్పుడు స్ప్రింగు కుదించుకుని ఆ శక్తిని దాచుకుంటుంది. అంతటితో వదిలేస్తే సైకిల్ పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును అణచేది డ్యాంపర్. సన్నటి రంధ్రాల గుండా నూనె కదిలేలా చేసి, శక్తిని వేడిగా మార్చేస్తుంది. చౌక సైకిళ్లలో చాలావాటికి స్ప్రింగు ఉంటుంది గానీ సరైన డ్యాంపర్ ఉండదు. షాపులోనే చిన్న పరీక్ష చేయవచ్చు. హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కి వదలండి. ముందు చక్రం నేల నుంచి లేవబోయినట్లు ఫోర్కు టక్కున ఎగిరితే డ్యాంపింగ్ చాలదని అర్థం. గతుకుల్లో అలా ఎగిరే చక్రానికి నేల మీద పట్టు తగ్గుతుంది, బ్రేకు సరిగా పనిచేయదు.

ట్రావెల్ లెక్క

చక్రం గరిష్ఠంగా ఎంత దూరం పైకి కదలగలదో దాన్ని ట్రావెల్ అంటారు. 1989లో వచ్చిన రాక్‌షాక్స్ తొలి ఫోర్కుకు అది 50 మిల్లీమీటర్ల లోపే. నేడు క్రాస్ కంట్రీ సైకిళ్లకు సుమారు 100-120, రాళ్లూ వేర్లూ ఉన్న అడవి బాటలకు 130-150, కొండ పైనుంచి కిందికి దూసుకొచ్చే డౌన్‌హిల్ పోటీలకు 200 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది.

ఎందుకింత తేడా? 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి సైకిల్ నేల మీద పడిందనుకోండి. కాళ్లూ చేతుల సాయం లేకుండా సస్పెన్షనే దాన్ని 10 సెంటీమీటర్లలో ఆపితే సగటు బలం బరువుకు 4 రెట్లు. 20 సెంటీమీటర్లలో ఆపితే 2.5 రెట్లే. అంటే ఎత్తు నుంచి దూకేవారికి ఎక్కువ ట్రావెల్ నిజంగా రక్షణ ఇస్తుంది.

తొక్కుడుతో వచ్చే చిక్కు

మనం కూర్చోగానే స్ప్రింగు కొంత కుంగుతుంది. దీన్ని సాగ్ అంటారు. సాధారణంగా ట్రావెల్‌లో 20-30 శాతం ఉండేలా చూస్తారు. స్ప్రింగు ఎంత వేగంగా ఊగుతుందన్నది, అంటే దాని సహజ పౌనఃపున్యం, ఈ కుంగుడును బట్టే తెలుస్తుంది. స్థూలంగా లెక్కిస్తే 20 మిల్లీమీటర్లు కుంగితే సెకనుకు 3.5 ఊపులు. 40 మిల్లీమీటర్లు కుంగితే 2.5.

ఇప్పుడు కాళ్ల సంగతి చూద్దాం. నిమిషానికి 75 సార్లు పెడల్ తిప్పేవారు రెండు కాళ్లతో కలిపి 150 సార్లు నొక్కుతారు. అంటే సెకనుకు 2.5 సార్లు! రెండు లయలు కలిస్తే అనునాదం ఏర్పడుతుంది. ఊయలను సరైన సమయంలో నెట్టినట్లే ప్రతి నొక్కుడుకూ సైకిల్ మరింత ఊగుతుంది. మంచి డ్యాంపర్ లేకపోతే మన శ్రమలో కొంత ముందుకు పోవడానికి కాకుండా ఈ ఊపుకే ఖర్చవుతుంది. మెత్తగా, ఎక్కువ ట్రావెల్‌తో ఉన్న సైకిల్ తారు రోడ్డు మీద బరువుగా అనిపించడానికి ఇదో కారణం.

సూరత్ రోడ్లకు ఏది?

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం సాధారణ స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో దాన్ని దాటడానికి చక్రానికి దాదాపు 0.9 సెకను పడుతుంది. ఇంత నిదానమైన ఎత్తుపల్లాన్ని సస్పెన్షన్ పెద్దగా తగ్గించలేదు. సైకిల్ మొత్తంగా దానిమీదుగా ఎక్కి దిగుతుంది. వానాకాలం గుంత అంచు వేరు. 10 సెంటీమీటర్ల పొడవున్న ఆ అంచును చక్రం సెకనులో నలభయ్యో వంతు సమయంలోనే దాటేస్తుంది. సస్పెన్షన్ పనికొచ్చేది అక్కడే. అయితే చిన్న గతుకులకు 2 అంగుళాల లావు టైరులోని గాలే చాలావరకు సరిపోతుంది. టైరు పక్కన ముద్రించిన పరిధిలో గాలి కాస్త తగ్గించి చూడండి. మరీ తగ్గిస్తే గుంతలో ట్యూబు నలిగి పంక్చరవుతుంది.

కాబట్టి ఊళ్లో పనికీ బడికీ తిరిగేవారికి స్ప్రింగు లేని ఫోర్కు, లావు టైర్లు చాలు. బరువు తగ్గుతుంది, మరమ్మతులూ తగ్గుతాయి. డాంగ్ జిల్లాలో సుమారు 1000 మీటర్ల ఎత్తున్న సాపుతారా వైపు మట్టి బాటల్లో తొక్కాలనుకుంటే డ్యాంపర్ ఉన్న 100-120 మిల్లీమీటర్ల ముందు ఫోర్కు మేలు. ఘాట్ ఎక్కేటప్పుడు ఫోర్కును బిగించి ఉంచే లాకవుట్ ఉంటే ఇంకా మంచిది. మనిషి, సైకిల్ కలిసి 85 కిలోలున్నప్పుడు మరో 3 కిలోలు చేరితే ఎక్కే శ్రమ సుమారు 3.5 శాతం పెరుగుతుందని మరవకండి.

కొన్నాక సాగ్ కొలవండి. ఫోర్కు గొట్టానికి సన్నని రబ్బరు రింగు తగిలించి కిందికంటా జరపండి. మెల్లగా ఎక్కి, తొక్కే భంగిమలో కూర్చుని, కుదుపు లేకుండా దిగండి. రింగు జరిగిన దూరమే సాగ్. 100 మిల్లీమీటర్ల ఫోర్కుకు అది 20-30 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. గాలి ఫోర్కయితే పంపుతో సరిచేయవచ్చు. స్ప్రింగుదైతే మీ బరువుకు తగిన స్ప్రింగు మార్చుకోవాల్సి రావచ్చు. పిల్లల సైకిళ్లకు ఈ కొలత మరింత ముఖ్యం. పెద్దల బరువుకు తయారైన గట్టి స్ప్రింగు పిల్లల బరువుకు కదలనే కదలదు. అప్పుడది మోసుకు తిరిగే బరువు మాత్రమే.