పద్యం దొరికేదెలా?

వేమన పద్యం మొదటి మాట గుర్తుంటుంది. పుస్తకంలో ఎక్కడుందో? చివరి పేజీల్లోని అకారాది సూచిక తిప్పితే క్షణంలో దొరుకుతుంది!

ఐరోపాలో పాత లాటిన్, గ్రీకు గ్రంథాలను వెలికితీస్తున్న రోజులవి. 1545లో జూరిచ్ పండితుడు కోన్రాడ్ గెస్నర్ దాదాపు 3 వేల మంది రచయితల పట్టిక అచ్చువేశారు. విషయాలు రాసుకున్న కాగితాన్ని ముక్కలుగా కత్తిరించి, వరుసలో పేర్చడం... సూచిక తయారీకి ఆయన చెప్పిన కిటుకు ఇదే.

మన దగ్గర ఆ ఓపిక సి.పి.బ్రౌన్‌ది. తుగ్గలి పక్కనున్న పత్తికొండలో 1827లో కలరాతో కన్నుమూసిన థామస్ మన్రో గుర్తున్నారుగా? దొరలు ఇక్కడి భాష నేర్వాలని 1820లో ఆయన చేసిన ప్రసంగం కుర్ర బ్రౌన్‌ను తెలుగువైపు తిప్పింది.

కడపలో బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టుకున్నారు. వేమన పద్యం ఒక ప్రతిలో ఒకలా, ఇంకోదాంట్లో మరోలా ఉండేది. ఏది సరైనదో తేల్చాలంటే అన్ని ప్రతుల్లోనూ ముందు ఆ పద్యం దొరకాలి కదా! అందుకే సూచికలు రాయించారు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి. పుస్తకంమీద పేరు బ్రౌన్‌దే. కళ్లు కాయలు కాచేలా తాటాకులు తిరగేసిన పండితులను తలచుకునేవారు తక్కువ. ఆ ప్రతులెన్నో చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.