విత్తనపు ఉర్లగడ్డ - సంచికి కుట్టిన చీటి

జహీరాబాదు ప్రాంతమున ఆలుగడ్డ యనియు, చిత్తూరు సీమలో ఉర్లగడ్డ యనియు పిలువబడు బంగాళాదుంప మన నేలలో పండుచున్నను, దాని విత్తనము చాలవరకు ఉత్తరాదినుండి లారీలమీద రావలసినదే. ఎకరమునకు పది పండ్రెండు క్వింటాళ్ల దుంప కావలయును. సాగువ్యయములో పెద్దభాగ మిందులకే చెల్లుచున్నది. ఇంత ధనము వెచ్చించు రైతు దుంప నునుపును, ధరను విచారించి, సంచికి కుట్టిన చీటిని మాత్రము చూడకుండుట వింతగా నున్నది.

ఆకుముడత, మొజాయికు మున్నగు వైరసు తెగుళ్లను పేనుబంక మొక్కనుండి మొక్కకు చేర్చును. అవి దుంపలో దాగి మరుసటి పైరున బయటపడును. అంతవరకు దుంప నిగనిగలాడుచునే యుండును. కావున పరీక్ష బజారులో గాక చేనిలోనే జరుగవలెను. పేనుబంక తక్కువగా నుండు దినములలో పైరు పెంచి, అది ప్రబలకముందే తీగను కోసివేయు పద్ధతిని పుష్కరనాథ్ గారు రూపొందించిన పిమ్మటనే మైదానపు విత్తనమునకు విలువ వచ్చినది.

1966 నాటి విత్తన చట్టము క్రింద ధ్రువీకరణ సంస్థవారు పైరును స్వయముగ చూచి, తెగులు మొక్కలును పరజాతి మొక్కలును మితిమీరియున్న తిరస్కరింతురు. నెగ్గిన ఫౌండేషను విత్తనమునకు తెల్లచీటి, ధ్రువీకృత విత్తనమునకు నీలిచీటి దొరకును. అయితే ధ్రువీకరణము ఐచ్ఛికము. గిడ్డంగిలో మిగిలిన తినుగడ్డ విత్తనమను పేరుతో సంచికెక్కుటకు ఈ సందు చాలును.

సస్యారోగ్య పత్రము వేరు. 1951 నాటి అంతర్జాతీయ సస్యరక్షణ ఒడంబడిక ననుసరించి ఎగుమతి చేయు దేశపు ప్రభుత్వము దాని నిచ్చును. నిషిద్ధమైన చీడలు సరకులో లేవని చెప్పుటయే దాని పని. దిగుబడికి అది పూచీపడదు. ఈ కాగితమెందులకని విసుగుకొనువారు నీలగిరులను తలచుకొనవలెను. 1961లో అచ్చట ఉర్లగడ్డ తిత్తి నులిపురుగు బయటపడినది. సీమనుండి దొరలు తెప్పించిన విత్తనముతోనే వచ్చియుండునని యూహ. దాని తిత్తులు నేలలో ఏండ్లతరబడి జీవించును. దుంపకంటిన మట్టితోనే క్రొత్త చేనికి చేరును. అదే పురుగు కారణముగా 2018లో హిమాచలప్రదేశ్, ఉత్తరాఖండ్, జమ్మూకాశ్మీరములనుండి విత్తనదుంప తరలింపును కేంద్రప్రభుత్వము నిషేధించినది. కొండవిత్తనమనిన కన్నులు మూసికొని కొనువారి నమ్మకమునకు ఇది గట్టి దెబ్బయే.

మనవారు పదిమంది కలసి లారీ సరకు కొనునపుడు, బేరమునకు ముందే చీటి నడిగి, దాని సంఖ్యను బిల్లుపై వ్రాయించుకొని, పంట యెత్తువరకు రెంటిని దాచియుంచుట మేలు. విత్తనము కొన్న రైతు వినియోగదారుడే యని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది; ఆ వ్యాజ్యము తెచ్చినవారు తెలుగు రైతులే. న్యాయస్థానమున వారిని మొదట నడుగునది ఆ బిల్లునే, ఆ చీటినే.