కండ పట్టించుకోండి... మెడ విరిపించుకోకండి!
ఫిలింనగర్‌లో చైనా మర్దన, పల్లెలో మాలిష్: మేలెంత? ముప్పెంత?

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిలింనగర్ వైపు వెళితే మసాజ్ బోర్డులు వరసగా కంటబడతాయి. థాయ్ మసాజ్, బాలి మసాజ్, కేరళ ఆయుర్వేదం, పాదాల మర్దన... ఇలా దేశానికో పేరు, ఊరికో పేరు. గంటకు వెయ్యి రూపాయలు దాటే చోట్లే ఎక్కువ. నాట్లు వేసి నడుం పట్టేసిన కూలీకి, బస్తాలు మోసి భుజం వాచిన హమాలీకి ఇదంతా డబ్బున్నవాళ్ల సరదాగా తోచవచ్చు. అయితే ఈ విద్యల్లో ఒకటి రెండు వేల ఏళ్లనాటి వైద్యం. చైనా వాళ్లు దాన్ని 'తుయినా' అంటారు. అందులో పల్లెవాసులకు పనికివచ్చే సంగతులు చాలా ఉన్నాయి. క్షౌరశాల కుర్చీలో మన ఊళ్లలో నిత్యం జరిగే ఒక పొరపాటును మానుకోవలసిన అవసరమూ దీన్ని తెలుసుకుంటే బోధపడుతుంది.

దెబ్బలు తినేవారి పేట

మద్రాసు నుంచి తెలుగు సినిమా హైదరాబాద్‌కు తరలివచ్చే రోజుల్లో, 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో ప్రారంభించారు. తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. ఒకప్పటి రాళ్లగుట్టలు సినిమా వాళ్ల పేటలయ్యాయి.

తెరమీద హీరో ఎగిరి తన్నితే హాల్లో ఈలలు మోగుతాయి. ఆ తన్నుకు ఎగిరిపడేది మాత్రం ఫైటరు. నడుముకు తాడు కట్టుకుని గాలిలో వేలాడడం, మెట్ల మీద నుంచి దొర్లడం అతని రోజువారీ కూలి. డాన్సర్లు ఒకే అడుగును పదే పదే వేస్తారు. లైట్‌బాయ్‌లు బరువైన దీపాలు మోస్తారు. సాయంత్రం కృష్ణానగర్‌లోని అద్దె గదులకు చేరేసరికి ఒళ్లు హూనమవుతుంది. ఆ మాటకొస్తే పొలం కూలీ నొప్పికీ వీరి నొప్పికీ తేడా లేదు. రెండూ శ్రమతో కండ పట్టేసిన నొప్పులే!

పోట్లాట విద్యకూ మర్దనకూ చుట్టరికం పాతదే. చైనాలో వాంగ్ ఫీహంగ్ అనే యుద్ధవిద్యల గురువు (1847-1925) బెణుకులు సవరించే వైద్యుడు కూడా. ఆయన కథతో హాంకాంగ్‌లో వందకు పైగా సినిమాలు వచ్చాయంటే ఆయన పేరు ఎంతటిదో తెలుస్తుంది. మన తాలీంఖానాల్లోనూ ఇదే తంతు. హైదరాబాద్ పాతబస్తీలో బెణుకులకు పట్టీలు కట్టే పహిల్వాన్లు ఇప్పటికీ ఉన్నారు. చిత్తూరు సీమ నుంచి పుట్టిన 'పుత్తూరు కట్టు' సంగతి తెలుగునాట తెలియనివారు లేరు.

బియ్యం సంచిపై సాధన

'తుయి' అంటే నెట్టడం, 'నా' అంటే పట్టి పిసకడం. చైనా ప్రాచీన వైద్య గ్రంథం 'హువాంగ్‌ది నేయిజింగ్'లోనే మర్దన చికిత్స ప్రస్తావన ఉంది. తాంగ్ వంశపు రాజుల కాలంలో ఆస్థాన వైద్యశాలలో మర్దన నేర్పడానికి ప్రత్యేక శాఖే ఉండేది. ఇప్పుడు చైనా వైద్య విశ్వవిద్యాలయాల్లో ఇది ఒక పాఠ్యవిషయం.

ఇందులో నూనె తప్పనిసరి కాదు. రోగి బట్టలతోనే పడుకుంటాడు. ఒంటిపై పలుచని గుడ్డ పరచి పైనుంచి పట్టడమూ ఉంది. బొటనవేలితో నొక్కడం, అరచేతితో రుద్దడం, కండను పట్టి పైకి లాగడం, పిడికిలి వెనుక భాగాన్ని దొర్లించడం వంటివి అందులోని పట్లు. ఈ దొర్లించే పట్టును నిమిషానికి 120 నుంచి 160 సార్లు, లయ తప్పకుండా వేయాలి. అది అలవడేదాకా శిష్యుడు మనిషి ఒంటిపై చేయి వేయకూడదు. బియ్యమో ఇసుకో నింపిన సంచిపై రోజుల తరబడి సాధన చేయాలి.

చైనాలో చూపులేని వారికి ఇది పెద్ద బతుకుతెరువు కావడం విశేషం. వారి చేతివేళ్లే వారికి కళ్లు. వారి జీవితాలపై తీసిన 'బ్లైండ్ మసాజ్' అనే చైనా చిత్రం 2014లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఛాయాగ్రహణానికి బహుమతి పొందింది.

ఒంట్లో 'చీ' అనే ప్రాణశక్తి కొన్ని దారుల్లో పారుతుందని, అది అడ్డుపడితే నొప్పి పుడుతుందని చైనా వైద్యుల నమ్మకం. మన వాళ్లు వాతం చేరిందనడం లాంటిదే ఇది. శరీరాన్ని కోసి చూసిన ఆధునిక వైద్యానికి ఆ దారులేవీ కనబడలేదు. అయినా పట్టేసిన కండను పిసికితే బిగువు సడలుతుందన్నది, నరాల ద్వారా మెదడుకు చేరే నొప్పి కబురు మందగిస్తుందన్నది ఆధునిక వైద్యులూ చెప్పే మాటే.

పాదం పటం అమెరికాది!

పాదాల మర్దన దుకాణాల్లో అరికాలి బొమ్మ ఒకటి గోడకు వేలాడుతుంది. ఇక్కడ నొక్కితే కాలేయం, అక్కడ నొక్కితే మూత్రపిండం అని గుర్తులుంటాయి. ఇది అనాదిగా చైనాలో ఉన్న పటమని చాలామంది అనుకుంటారు. నిజానికి దీన్ని తీర్చిదిద్దినవారు అమెరికన్లు. ఫిట్జ్‌జెరాల్డ్ అనే వైద్యుడు వేసిన బాటలో యూనిస్ ఇంగమ్ అనే మహిళ అరికాలి పటం గీసి, 1938లో పుస్తకం వేశారు. ఆ తరువాత తైవాన్‌లో ఒక స్విస్ మతగురువు దానికి ప్రచారం తెచ్చారు. అరికాలు పిసికితే అలసట తీరుతుంది, నిద్ర పడుతుంది. అంతేగాని అరికాలు నొక్కి కాలేయం జబ్బు కనిపెట్టవచ్చనడానికి, మధుమేహం నయం చేయవచ్చనడానికి ఆధారం లేదు. ఆ మాట చెప్పి డబ్బు అడిగేవారిని నమ్మనక్కర్లేదు.

మేలు ఎంతవరకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మంది నడుం నొప్పితో బాధపడ్డారు. ఆ సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాల నడుం నొప్పికి సూచనలు ప్రకటించింది. వ్యాయామం, నొప్పి గురించిన అవగాహనలతోపాటు మర్దనకూ అందులో చోటు దక్కింది. మర్దనకు ఉన్న రుజువులు అంత బలమైనవి కావని కూడా ఆ సంస్థే స్పష్టం చేసింది. అయితే నడుం బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ మాత్రం మామూలుగా వాడవద్దని చెప్పింది. పల్లెల్లో బెల్టుకు డబ్బు పోసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మర్దనతో కొద్దిరోజుల ఉపశమనం దొరుకుతుంది. ఆ ఉపశమనం ఉండగానే లేచి నడవాలి, వైద్యుడు చెప్పిన వ్యాయామాలు చేయాలి. అప్పుడే నడుముకు బలం. పట్టించుకుని మళ్లీ మంచమెక్కితే నొప్పి మళ్లీ తిరిగొస్తుంది.

'టక్' మంటే హాయి కాదు

ఇక అసలు ముప్పు దగ్గరకు వద్దాం. పల్లె క్షౌరశాలలో గడ్డం గీయడం అయ్యాక తలకు మాలిష్ చేస్తారు. అంతవరకు బాగానే ఉంటుంది. చివర్లో గడ్డం ఒక చేత్తో, తల ఒక చేత్తో పట్టి మెడను ఒక్కసారిగా పక్కకు విరుస్తారు. 'టక్' మని చప్పుడు వస్తే పని బాగా జరిగినట్లు లెక్క!

మెడ ఎముకల్లోని రంధ్రాల గుండా రెండు రక్తనాళాలు మెదడు వెనుక భాగానికి వెళతాయి. మెడను విసురుగా తిప్పితే ఆ నాళం లోపలి పొర చిరగవచ్చు. అక్కడ రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఇది అందరికీ జరగదు, అరుదే. కానీ జరిగితే మనిషి బతుకే మారిపోతుంది.

విరవకపోయినా, మెడను ఎక్కువసేపు వెనక్కి వంచి ఉంచినా చాలు. జూబ్లీహిల్స్ అపోలో ఆసుపత్రి నరాల వైద్యుడు డాక్టర్ సుధీర్ కుమార్ 2022లో ఇలాంటి కేసు ఒకటి వెల్లడించారు. 50 ఏళ్ల మహిళ ఒకరు హైదరాబాద్‌లో బ్యూటీపార్లర్‌కు వెళ్లి, తల వెనక్కి వాల్చి తలస్నానం చేయించుకున్నారు. ఆ సమయంలోనే కళ్లు తిరిగి, వాంతులయ్యాయి. మొదట కడుపు జబ్బనుకున్నారు. మర్నాడు నడక తూలింది. స్కానింగ్‌లో చిన్నమెదడుకు రక్తం అందక దెబ్బతిన్నట్లు బయటపడింది. మెడ వెనక్కి వంగినప్పుడు రక్తనాళం నొక్కుకుపోవడమే కారణమని ఆయన భావించారు.

తుయినాలోనూ కీళ్లను సవరించే పట్లు ఉన్నాయి. అవి ఏళ్ల తరబడి చదివినవారు, రోగిని పరీక్షించాక చేయవలసినవి. మంగళవారం సంతకు వెళ్లివస్తూ దారిలో చేయించుకోదగినవి కావు. కాబట్టి క్షౌరశాలలో కూర్చోగానే 'అన్నా, తల పట్టు చాలు, మెడ విరవకు' అని ముందే చెప్పడం మేలు. అలా చెప్పడం ఆ పనివాణ్ణి కించపరచడం కాదు, తన ప్రాణం తాను కాపాడుకోవడం.

మెడ తిప్పాక తల తిరగడం, మూతి వంకర పోవడం, మాట తడబడడం, చూపు రెండుగా కనబడడం, నడక తూలడం వంటివి ఉంటే ఒక్క నిమిషం ఆలస్యం చేయరాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

ఎవరు దూరంగా ఉండాలి?

ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, చెమటలు ఉంటే అది గ్యాసని రుద్దించుకుంటూ కూర్చోరాదు. గుండెపోటు కావచ్చు.

ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే పిసకరాదు. లోపలి రక్తపు గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

చెట్టు మీద నుంచో బండి మీద నుంచో పడ్డవారు ముందు ఎక్స్‌రే తీయించుకోవాలి. బెణికిన చోట మొదటి రెండు రోజులు మర్దన వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి.

నడుం నొప్పితోపాటు కాళ్లు చచ్చుబడినా, మూత్రం పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. జ్వరం, బరువు తగ్గడం ఉన్నా వైద్యుడికి చూపించాలి.

మధుమేహంతో కాళ్లు స్పర్శ తప్పినవారు కర్రతో అరికాళ్లు నొక్కించుకోరాదు. పుండు పడినా తెలియదు. గర్భిణులు, ఎముకలు గుల్లబారిన వృద్ధులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుణ్ణి అడిగాకే పట్టించుకోవాలి.

పసిబిడ్డకు నూనె రాసి మెల్లగా నిమరడం మంచిదే. ముక్కులో, చెవిలో నూనె పోయడం మాత్రం కూడదు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము తేవచ్చు.

ఊళ్లోనే ఉంది విద్య

మసాజ్ పేరిట నగరంలో కొన్నిచోట్ల చట్టవిరుద్ధ వ్యవహారాలు సాగడం, పోలీసులు దాడులు చేయడం పత్రికల్లో వస్తూనే ఉంది. అందుచేత పట్నం వెళ్లి చికిత్సగా మర్దన కోరేవారు బోర్డులోని దేశం పేరు చూసి మోసపోరాదు. చేసేవారు ఎక్కడ నేర్చారు, ముందుగా జబ్బు వివరాలు అడుగుతున్నారా, నొప్పిగా ఉందంటే ఆపుతున్నారా అన్నది చూడాలి. ఫిజియోథెరపిస్టు ఉన్న ఆసుపత్రి అయితే ఇంకా మేలు.

ఊళ్లోవారికి ఫిలింనగర్ దాకా పోవలసిన అవసరమే లేదు. నాట్లనాటి సాయంత్రం గోరువెచ్చని నూనెతో ఇంట్లోవారు నడుం పక్కల కండలను, వెన్నెముక మీద బరువు పడకుండా, పావుగంట మెల్లగా పట్టినా ఒళ్లు తేలికపడుతుంది. వేన్నీళ్ల స్నానం, కంటినిండా నిద్ర తోడైతే మరీ మంచిది. చైనా గురువులు శిష్యుడి చేత బియ్యం సంచి పిసికించింది కూడా ఈ ఒడుపు కోసమే: చేతికి బలం రావాలి, ఆ బలాన్ని ఎక్కడ ఆపాలో తెలియాలి.