బడిలో పుట్టిన పుస్తకాలు

ఏప్రిల్ నెలలో వార్షిక పరీక్షలు ముగియగానే ప్రాథమిక పాఠశాలల పిల్లలు ఏడాది పొడవునా నింపిన నోటు పుస్తకాలు ఇళ్లకు చేరుతాయి. కొద్ది రోజులకే వాటిలో చాలామటుకు చిత్తుకాగితాలు కొనేవాని త్రాసులోకి, అక్కడినుండి పల్లీల పొట్లాలలోకి వెళ్లిపోతాయి. పల్లీలు తిన్న తరువాత పొట్లం కాగితాన్ని విప్పి చదవడం నాకు చిన్ననాటి అలవాటు. అందులో గుండ్రని దస్తూరీ ఉంటుంది. ఎర్రసిరాతో పెట్టిన గుర్తులు ఉంటాయి. ప్రశ్నలు, వాటికి జవాబులు ఉంటాయి. వ్రాసిన బిడ్డ మాత్రం ఎక్కడా కనిపించదు. నల్లబల్ల మీదినుండి ఎక్కించుకొన్న వాక్యమే తరగతిలోని అందరి పుస్తకాలలోనూ ఒకే తీరుగా ఉంటుంది. ఐదేళ్ల ప్రాథమిక విద్యలో ఒక పిల్లవాడు వేల వాక్యాలు వ్రాస్తాడు. తనది అనదగిన వాక్యం ఒక్కటైనా వ్రాయకుండానే ఆరవ తరగతిలో చేరవచ్చు.

ఈ లోటును తీర్చడానికి కొందరు ఉపాధ్యాయులు ఒక మంచి పద్ధతిని అనుసరిస్తున్నారు. విద్యా సంవత్సరం చివర ప్రతి బిడ్డ చేతా ఒక పుస్తకం తయారు చేయిస్తారు. విషయాన్ని ఎంచుకొనేది, వ్రాసేది, బొమ్మలు వేసేది, కాగితాలు కుట్టి అట్ట వేసేది అంతా పిల్లలే. పూర్తయిన పుస్తకాన్ని బడిలో ఇతరులు చదువుకొనడానికి ఉంచుతారు. ఈ చివరి మాటను గుర్తుంచుకోవాలి. చదివేవారు లేకపోతే అది పుస్తకం కాదు, కుట్టిన కాగితాల బొత్తి. మీలో కొందరు ఇంటర్మీడియట్ తరువాత ప్రాథమికోపాధ్యాయ శిక్షణకు వెళతారు. మరికొందరి ఇళ్లలో తమ్ముళ్లో చెల్లెళ్లో బడికి పోతూ ఉంటారు. కనుక ఈ విషయం మీకు దూరమైనది కాదు.

ప్రాచీన సాహిత్యం చదువుకొన్నవానిగా ఈ పసి పుస్తకాలలో నాకు బాగా తెలిసిన రూపమే కనిపిస్తుంది. మన కావ్యాలు ఊరక ప్రారంభం కావు. ముందుగా అవతారిక ఉంటుంది. ఈ గ్రంథం ఎందుకు పుట్టింది, ఎవరు కోరగా పుట్టింది, ఎవరికి అంకితమైంది అన్న సంగతులు కవి అందులో చెబుతాడు. రాజరాజనరేంద్రుడు మహాభారతాన్ని తెనిగించుమని కోరిన వృత్తాంతం నన్నయ అవతారికలో ఉంది. తిక్కన తన కృతిని హరిహరనాథునికి సమర్పించాడు. మొల్ల తనకు శాస్త్రపాండిత్యం లేదని రామాయణ అవతారికలో ముందే చెప్పుకొంది. గ్రంథభాగం ముగిసేచోట గద్య ఉంటుంది. పోతన తన గద్యలో తండ్రి కేసన పేరును, తన పేరును చెప్పుకొన్నాడు. ఇది ఆడంబరం కాదు. ఈ మాటలకు నేను బాధ్యుడను అని లోకానికి తెలియజేయడం.

పిల్లల పుస్తకంలోనూ ఈ అంగాలు ఉండాలి. మొదటి పుటలో పుస్తకం పేరు, వ్రాసినవారి పేరు ఉండాలి. రెండవ పుటలో అంకితం, దాని తరువాత ‘నేను ఈ పుస్తకం ఎందుకు వ్రాశాను’ అనే నాలుగు వాక్యాలు ఉండాలి. చివరి పుటలో తన తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తరగతి ఉండాలి. అంకితం పుట దగ్గర పిల్లలు చాలాసేపు ఆలోచిస్తారు. ఒక బడిలో మూడవ తరగతి బాలుడు తన పుస్తకాన్ని ఇంటి మేకకు అంకితమిచ్చాడు. అంతకుముందు వ్రాసిన చిత్తుప్రతిని అది తినివేసిందట. మేక కృతిపతి అయిన గ్రంథాన్ని నేను మరొకదానిని చూడలేదు. అంకితం కేవలం ముచ్చటకోసం కాదు. ఎవరికోసం వ్రాస్తున్నాడో తెలిసిన క్షణంనుండి పిల్లవాని భాష మారుతుంది. నాయనమ్మకు అంకితమిచ్చిన పిల్ల ఆమెకు అర్థమయ్యే మాటలనే వెదుకుతుంది.

తయారీకి పెద్ద ఖర్చు అవసరం లేదు. నాలుగు తెల్లకాగితాలను ఒకదానిపై ఒకటి పెట్టి సగానికి మడిస్తే పదహారు పుటలు వస్తాయి. మడతమీద దబ్బనంతో మూడు రంధ్రాలు చేసి గట్టి దారంతో కుట్టాలి. దబ్బనం పని పెద్దలు చేయాలి. అట్టకు పాత శుభలేఖలను మించిన వస్తువు లేదు. పెళ్లిళ్ల కాలం తరువాత ప్రతి ఇంటా అవి పోగుపడి ఉంటాయి. మైదాపిండి ఉడికించి జిగురు చేసుకోవచ్చు. పురుగు పట్టకుండా పుస్తకాలు కుట్టేవారు అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లల దరిదాపులకు దానిని రానీయరాదు. ఈ పనిలో లెక్కల పాఠం కూడా ఒకటి దాగి ఉంది. కుట్టిన పుస్తకాన్ని విప్పి చూస్తే అన్నిటికంటే పై కాగితం ఒకవైపున ఒకటవ పుట, పదహారవ పుట ప్రక్కప్రక్కన ఉంటాయి. రెండవ వైపున రెండు, పదిహేను ఉంటాయి. ఏ వైపు చూచినా రెండు పుటల సంఖ్యలను కూడితే పదిహేడే వస్తుంది. ఎందుకిలా జరుగుతుందో చెప్పకుండా పిల్లలనే కనుగొననిస్తే ఒక పూట గడిచిపోతుంది. ఆ పూట వృథా కాదు.

ఇక లోపల ఏమి ఉండాలన్నది అసలు ప్రశ్న. ఒకటవ తరగతి పిల్లలు విడివిడిగా పుస్తకం వ్రాయలేరు. అందరూ కలిసి ఒక అక్షరమాల పుస్తకం చేయవచ్చు. ఒక్కొక్కరికి ఒక్కొక్క అక్షరం. వాచకంలోని బొమ్మను దించరాదన్నదే నియమం. ఆ అక్షరంతో మొదలయ్యే వస్తువును తమ ఊరిలోనే వెదకాలి. కడలి ఒడ్డు పల్లెలో ‘వ’కు వల, ‘త’కు తెప్ప వస్తాయి. నేతవారి ఊరిలో ‘మ’కు మగ్గం, ‘ప’కు పడుగు వస్తాయి. మూడవ తరగతివారు ఇంటి పెద్దల దగ్గర పొడుపుకథలు, సామెతలు సేకరించవచ్చు. ప్రతిదాని క్రింద దానిని ఎవరు చెప్పారో వ్రాయాలి. పరిశోధనకు మొదటి మెట్టు అదే. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు తాము చదివిన కథను మరొకరి నోట చెప్పించవచ్చు. పంచతంత్రంలోని కోతి, మొసలి కథను మీరందరూ ఎరుగుదురు. దానిని మొసలి భార్య చెబితే ఎలా ఉంటుంది? ఆమె నిజంగానే కోతి గుండెను కోరిందా, లేక భర్త ఇంటిపట్టున ఉండటంలేదన్న బాధతో ఆ మాట అన్నదా? కథాసారాంశం వ్రాయమంటే పిల్లలు అట్టవెనుక ఉన్నదే ఎత్తి వ్రాస్తారు. ఇలా అడిగితే కథను మళ్లీ చదవక తప్పదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వృత్తిపదాల పుస్తకం. తల్లిదండ్రులు చేసే పనిలోని పనిముట్ల పేర్లు, పనుల పేర్లు, ఒక్కొక్కదానికి బొమ్మ, రెండు వాక్యాల వివరణ. పెద్దలు కూడా ఇటువంటి పని చేశారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లోను, చేనేత పదాల సంపుటం 1971లోను వెలువడ్డాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులు. ఊరూరా తిరిగి రైతుల నోట, నేతగాండ్ర నోట విని సేకరించిన పదాలవి. ఆ నోళ్లు పిల్లలకు ఇంట్లోనే ఉన్నాయి.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పును చెప్పాలి. కొన్నేళ్ల క్రితం పోచంపల్లి ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాలవారు పిల్లల పుస్తకాల చిత్తుప్రతులు చూచి సలహాలు ఇమ్మని నన్ను పిలిచారు. నాలుగవ తరగతి బాలిక ఒకతె తన ఇంటి పనిమీద ఎనిమిది పుటల పుస్తకం వ్రాసింది. అందులో “అమ్మ ఆసు పోస్తది” అనే వాక్యం ఉంది. అలవాటైన చేయి ఊరుకోలేదు. ఎర్రకలంతో దానిని కొట్టివేసి “అమ్మ నేతపని చేస్తుంది” అని పైన వ్రాశాను. క్రియను గ్రంథభాషకు దగ్గరగా తెచ్చానని, వాక్యం అందరికీ అర్థమవుతుందని అనుకొన్నాను. ఆ పాప మారుమాట లేకుండా నా వాక్యాన్నే ముత్యాలవంటి అక్షరాలతో మంచిప్రతిలోకి ఎక్కించింది.

మధ్యాహ్నం ఆ తరగతి ఉపాధ్యాయురాలు మెల్లగా నా దగ్గరకు వచ్చి, “సార్, వాళ్ల అమ్మ నేయదండీ. నేసేది నాన్న” అన్నారు. నా సవరణ వాక్యాన్ని అబద్ధం చేసింది.

ఆసు అంటే ఏమిటో ఆమె నాకు ఆ వీధిలోనే ఒక ఇంటికి తీసుకువెళ్లి చూపించారు. అర్ధచంద్రాకారపు చట్రానికి వరుసగా మేకులు ఉంటాయి. పేక నూలుకు ముడులు కట్టి రంగులు అద్దడానికి ముందు, ఆ నూలును మధ్య మేకునుండి అంచు మేకులకు, తిరిగి మధ్యకు చేతితో త్రిప్పుతూ పోవాలి. ఒక చీరకు చేయి వేలసార్లు అటూ ఇటూ కదలాలి. సాధారణంగా ఈ పని స్త్రీలది. తన తల్లి పడిన ఈ యాతనను చూచే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించాడు. అందుకు 2017లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. మేము వెళ్లిన ఇంట్లో ఆ యంత్రం లేదు. పాప పుస్తకంలో తరువాతి వాక్యం, రాత్రిపూట అమ్మకు భుజం నొప్పి పుడితే తాను నొక్కుతానని. ‘నేతపని’ అని నేను వ్రాసిన తరువాత ఆ భుజం ఎందుకు నొస్తుందో పాఠకునికి తెలిసే మార్గం లేదు. ఒకచోట నిలువక తిరిగేవానిని ‘ఆసులో కండె’ అంటారని ముప్పై ఏళ్లుగా తరగతిలో జాతీయాలు చెబుతున్నవాడిని నేను. ఆసును చూచింది మాత్రం ఆ రోజే.

అట్లని పిల్లల వ్రాతను ముట్టుకోరాదని నా అభిప్రాయం కాదు. ఒత్తు తప్పితే, దీర్ఘం పోతే సరిచేయవలసిందే. చదివేవాడు తడబడకుండా ఉండటానికి అది అవసరం. కాని అక్షరదోషం వేరు, ఇంటిమాట వేరు. ‘పోస్తది’ అన్నది తప్పు కాదు, ఆ ప్రాంతపు క్రియారూపం. పెన్సిలుతో ప్రక్కన ఒక ప్రశ్న వేసి, జవాబు పిల్లలనుండి విన్న తరువాతనే కలం ఎత్తాలి. ‘ఆసు అంటే ఏమిటమ్మా?’ అని నేను అడిగి ఉంటే ఆ పుస్తకానికి ఇంకొక పుట చేరి ఉండేది.

పెద్దల చేయి మరీ ఎక్కువైతే మరొక ప్రమాదం ఉంది. ప్రాజెక్టు పని అనగానే దుకాణానికి పరుగెత్తి బొమ్మల చార్టు కొని కత్తిరించి అతికించడం, మిగిలినది తల్లిదండ్రులు రాత్రి కూర్చొని వ్రాయడం చాలాచోట్ల చూస్తున్నాము. అటువంటి పుస్తకం అందంగా ఉంటుంది, మార్కులు కూడా వస్తాయి. బిడ్డకు అందులో ఏమున్నదో తెలియదు. అందుచేత ఈ పని ఫిబ్రవరిలో మొదలై బడిలోనే, బడి సమయంలోనే జరగాలి.

పాఠకుని మాట మళ్లీ ఎత్తుతాను. ఫ్రాన్సు దేశంలో సెలెస్టిన్ ఫ్రెనే అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన ఊపిరితిత్తికి గాయమైంది. ఎక్కువసేపు మాట్లాడి పాఠం చెప్పడం కష్టమైంది. దక్షిణ ఫ్రాన్సులోని బార్ సుర్ లూ అనే కొండ ఊరిలో ఆయన పిల్లలను బడి వెలుపలికి తీసుకువెళ్లి, వారు చూచినదానిని వారిచేతనే వ్రాయించాడు. 1924లో ఒక చిన్న చేతి ముద్రణయంత్రాన్ని తరగతిలోకి తెచ్చాడు. పిల్లలే అక్షరాలు పేర్చి తమ వ్రాతలను అచ్చువేశారు. ఆ కాగితాలను పోగుచేసి ‘జీవిత పుస్తకం’ అన్నారు. అంతటితో ఆగలేదు. దూరాన బ్రిటనీ సముద్రతీరంలోని ఒక బడికి వాటిని పంపి, అక్కడి పిల్లల కాగితాలను తెప్పించుకొన్నారు. కొండమీది పిల్లలకు కడలి గూర్చి, కడలి పిల్లలకు కొండ గూర్చి తెలియదు. కనుక తమకు తెలిసినదే అయినా వివరించి వ్రాయవలసి వచ్చింది. అర్థం కాకపోతే ఆవలివారు ఉత్తరం వ్రాసి అడుగుతారు. ఎర్రసిరా చేయలేని పనిని ఆ పాఠకులు చేశారు.

మనకు ముద్రణయంత్రం అక్కరలేదు. ఒక మండలంలోని రెండు బడులు తమ పుస్తకాలను నెలరోజులపాటు మార్చుకొంటే చాలు. ప్రతి పుస్తకం చివర రెండు ఖాళీ పుటలు వదలి, చదివినవారు తమ పేరు, ఒక ప్రశ్న వ్రాయాలని చెప్పవచ్చు. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఆ పుస్తకాలు తరగతి గదిలో పిల్లల చేతికి అందే ఎత్తులో, తీగమీదనో బల్లమీదనో ఉండాలి. బీరువాలో పెట్టి తాళం వేస్తే పల్లీల పొట్లానికి పోయినదానికీ, దీనికీ తేడా లేదు.

పోచంపల్లి ప్రాంతపు ఆ బడికి మరుసటి ఏడు మళ్లీ వెళ్లాను. పాప పుస్తకం తీగకు వ్రేలాడుతూ ఉంది. అంచులు నలిగి ఉన్నాయి, అట్టమీది శుభలేఖ వినాయకుడు సగం చెరిగాడు. నా వాక్యం ఉన్నచోట సన్నని కాగితపు ముక్క అతికించి ఉంది. దానిమీద “అమ్మ ఆసు పోస్తది” అని ఉంది. వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగున నా వాక్యం ఇంకా కనిపిస్తూనే ఉంది. చివరి ఖాళీ పుటలో పదకొండు పేర్లు ఉన్నాయి. వాటిలో ఒకరు, “మీ అమ్మ భుజం ఇప్పుడు ఎట్లుంది?” అని వ్రాశారు.