ఎదిగినందుకే పండుగ

మూడేళ్లు, ఐదేళ్లు, ఏడేళ్లు. జపాన్‌లో పిల్లలకు ఈ వయసులు వచ్చాయంటే ఇల్లంతా పట్టుబట్టలు కట్టుకుని గుడికి బయల్దేరుతుంది. మార్కులతో, బహుమతులతో ఈ వేడుకకు పనిలేదు. బిడ్డ క్షేమంగా ఎదిగిందన్న ఒక్క సంతోషమే ‘షిచి-గో-సాన్’.

నవంబరు నెల నడిమి ఆదివారాల్లో టోక్యోలోని మెయిజి జింగూ ఆలయానికి వెళ్తే చూపులన్నీ పిల్లల మీదే ఉంటాయి. ఎర్రటి కిమోనో మీద చేతుల్లేని పైకోటు తొడుక్కుని, జడలో పూలు తురుముకున్న మూడేళ్ల పాప. మడతలు నలగని హకామా అనే కుచ్చుల లాగులో బిగుసుకుపోయి నిలబడ్డ ఐదేళ్ల బాబు. నడుముకు పెద్దవాళ్లలా వెడల్పాటి ఒబి పట్టీ కట్టుకుని, ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తున్న ఏడేళ్ల అమ్మాయి. వెనకాలే తాతయ్యలు, నానమ్మలు, కెమెరాలు పట్టుకున్న నాన్నలు. కాసేపటికి చెప్పులు నొప్పిపుట్టి చిన్నపాప నాన్న చంకెక్కుతుంది. జపాన్ అంతటా చిన్నా పెద్దా ఆలయాల్లో ఆ రోజుల్లో కనిపించే దృశ్యమే ఇది.

జపాన్ భాషలో ఏడు, ఐదు, మూడు అంకెలే ఈ పండుగ పేరు. ఆడపిల్లలకు మూడో ఏట, ఏడో ఏట చేస్తారు. మగపిల్లలకు ఐదో ఏట. కొన్ని ప్రాంతాల్లో మూడో ఏట కూడా చేస్తారు. అసలు తేదీ నవంబరు 15. ప్రభుత్వ సెలవు కాదు కాబట్టి అక్టోబరు, నవంబరుల్లో వీలున్న శని, ఆదివారాల్లో కుటుంబాలు గుడికి వెళ్తాయి.

దేవుడి ముందు పిల్లవాడి పేరు

గుడిలో జరిగే తంతు చిన్నదే. కుటుంబం లోపలికి వెళ్లి కూర్చుంటుంది. షింతో పూజారి తెల్లకాగితపు కుచ్చులు వేలాడే దండాన్ని వాళ్ల తలల మీదుగా అటూ ఇటూ ఊపి శుద్ధి చేస్తాడు. తర్వాత ప్రార్థన చదువుతాడు. అందులో ఆ బిడ్డ పేరు, ఉండే ఊరు, చిరునామా కూడా వస్తాయి. పాత భాషలో గంభీరంగా సాగే ఆ ప్రార్థన మధ్యలో తన పేరు వినబడేసరికి అప్పటిదాకా దిక్కులు చూస్తున్న పిల్లవాడు ఉలిక్కిపడి తలెత్తుతాడు. తమ పేరును ఊరి దేవుడికి చదివి వినిపించడం చాలామంది పిల్లలకు ఊహ తెలిశాక అదే మొదటిసారి.

తర్వాత పచ్చని సకాకి కొమ్మను దేవుడి ముందుంచి రెండుసార్లు వంగి నమస్కరిస్తారు. రెండు చప్పట్లు కొట్టి మళ్లీ ఒకసారి వంగుతారు. రక్షరేకు, మిఠాయి సంచి అందుకుని బయటికొస్తారు.

షోగన్ ఇంటి కథ

ఈ పండుగకు మూలాలు వెయ్యేళ్ల కిందటి క్యోటో రాజదర్బారులో ఉన్నాయి. అప్పటి ప్రభువుల ఇళ్లలో మూడు వేర్వేరు వేడుకలు ఉండేవి. పసిపిల్లల తల గొరిగి ఉంచేవారు. మూడో ఏట నుంచి జుట్టు పెంచనిచ్చే వేడుక మొదటిది. మగపిల్లవాడికి మొదటిసారి హకామా తొడిగేది రెండోది. ఆడపిల్ల కిమోనోకు కుట్టి ఉండే తాళ్లు తీసేసి, పెద్దవాళ్లలా ఒబి కట్టేది మూడోది. తర్వాత సమురాయ్ కుటుంబాలు, ఎదో (ఇవాళ్టి టోక్యో) నగరపు వర్తకులు వీటిని అందిపుచ్చుకున్నారు. కాలక్రమంలో మూడూ కలిసి ఒకే పండుగయ్యాయి.

నవంబరు 15 ఎందుకంటే, తోకుగావా వంశపు ఐదో షోగన్ త్సునయోషి కథ చెబుతారు. ఆయన 1681లో తన కొడుకు తోకుమత్సు క్షేమం కోరి వేడుక చేసింది పదకొండో నెల పదిహేనో రోజునే అంటారు. ఆ బాలుడు 1683లో కన్నుమూశాడు. అప్పటి లెక్కలో అతనికి ఐదో ఏడు. దేశాన్ని ఏలే షోగన్‌కు మళ్లీ మగబిడ్డ దక్కలేదు. చివరికి అన్న కొడుకు ఇయెనోబు వారసుడయ్యాడు. ఇవాళ లక్షల మంది పిల్లల ఎదుగుదలను తలుచుకునే తేదీ, పూర్తిగా ఎదగకుండానే వెళ్లిపోయిన ఒక పిల్లవాడి పేరుతో ముడిపడి ఉంది.

ఆ రోజుల్లో ఇలాంటి దుఃఖం ఏ ఇంటికీ కొత్త కాదు. మశూచి, తట్టు ఊళ్లను ఊపేసేవి. మశూచి ముఖాన్ని తేలుస్తుంది, తట్టు ప్రాణాన్ని తేలుస్తుంది అన్నది అక్కడి సామెత. ఏడేళ్ల వరకు పిల్లలు దేవుళ్ల సొత్తే అని ఇంకో నానుడి. 1899 నాటికి కూడా జపాన్‌లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 150 మందికి పైగా ఏడాది నిండకుండానే చనిపోయేవారు. బిడ్డ మూడేళ్లు దాటితే ఒక గండం గడిచినట్టు, ఏడేళ్లు నిండితే ఇక మనదేనని గుండె నిబ్బరం. పట్టుబట్టల మెరుపు వెనక ఉన్నది ఆ భయం, ఆ ఊరట.

కుట్లలో దాచిన ఎదుగుదల

పిల్లల కిమోనోను దగ్గరగా చూస్తే ఈ ఆశ కుట్లలోనే కనిపిస్తుంది. బట్టను బిడ్డ కొలతకంటే పెద్దగా కత్తిరిస్తారు. మిగిలినదాన్ని భుజాల దగ్గర, నడుము దగ్గర మడిచి కుడతారు. బిడ్డ పెరిగేకొద్దీ ఆ కుట్లు విప్పుతూ వెళ్తారు. ఎదిగే పిల్ల కదా అని మన అమ్మమ్మలు పట్టులంగాకు లోపల మడతలు పెట్టి కుట్టించినట్టే. పుట్టిన నెలకు గుడికి తీసుకెళ్లినప్పుడు కప్పిన కిమోనోనే సరిచేసి మూడో ఏట తొడిగే ఇళ్లున్నాయి. అమ్మ తన ఏడో ఏట కట్టుకున్నదాన్నే కూతురికి కట్టే ఇళ్లూ ఉన్నాయి.

ఇంకా చిన్నపిల్లల బట్టల్లో మరో ముచ్చట ఉంది. పెద్దవాళ్ల కిమోనోకు వీపు మధ్యన నిలువు కుట్టు ఉంటుంది. వెనక నుంచి వచ్చే చెడును ఆ కుట్టే కాపు కాస్తుందని నమ్మకం. పసివాళ్ల బట్ట ఒకే పన్నాతో సరిపోతుంది కాబట్టి ఆ కుట్టు ఉండదు. అందుకని తల్లులు పిల్లల వీపు మీద రంగుదారంతో చిన్న కుట్లు వేసేవారు, ఒక్కోసారి వాటినే పువ్వుగానో పక్షిగానో తీర్చేవారు. అలాంటి పాత బట్టలు ఇవాళ మ్యూజియాల్లో దాచి ఉన్నాయి.

ఆ పాత మూడు వేడుకల్లో ఒకటైన హకామా వేడుక రాచకుటుంబంలో ఇప్పటికీ పాత పద్ధతిలోనే జరుగుతుంది. 2011 నవంబరులో ఐదేళ్ల రాకుమారుడు హిసాహితో గో ఆట పలక మీద నిలబడి, చేతిలో విసనకర్ర, పైన్ రెమ్మ పట్టుకుని కిందికి దూకాడు. రాచకుటుంబంలో మగపిల్లవాడికి ఆ వేడుక జరగడం నలభై ఏళ్ల తర్వాత అదే.

వెయ్యేళ్ల మిఠాయి

పిల్లలకు మాత్రం పండుగంటే చితోసె-అమె. వెయ్యేళ్ల ఆయుష్షు పేరు పెట్టుకున్న మిఠాయి అది. పంచదార, పిండిపానకం కలిపి కాచి, పాకాన్ని సాగదీస్తూ ఉంటే గాలి చేరి తెల్లబడుతుంది. దాన్ని సన్నగా, పొడుగ్గా లాగి ఎరుపు, తెలుపు కడ్డీలు చేస్తారు. కడ్డీ ఎంత పొడుగైతే ఆయువు అంత పొడుగన్నమాట. ఎదోలోని అసకుసా దగ్గర షిచిబెయ్ అనే మిఠాయివాలా దీన్ని మొదట అమ్మాడని చెబుతారు. సంచి మీద కొంగ, తాబేలు, పైన్, వెదురు, ప్లమ్ పూలు ఉంటాయి. కొంగకు వెయ్యేళ్లు, తాబేలుకు పదివేల ఏళ్లు ఆయుష్షని అక్కడి నమ్మకం. పిల్లవాడి ఎత్తుకు ఆ సంచి దాదాపు నేలకు తగులుతూ ఉంటుంది. ఇంటికి వెళ్లాక మిఠాయిని విరిచి బంధువులకు, ఇరుగుపొరుగుకు పంచుతారు.

పిల్లలు తగ్గినా తగ్గని పండుగ

ఇవాళ జపాన్‌లో ఏడాదిలోపు పోయే పిల్లలు వెయ్యికి ఇద్దరికి మించరు. పాత భయం పోయింది. ఇప్పుడు పిల్లలే అరుదైపోయారు. 1973లో 20.9 లక్షల మంది పుట్టిన దేశంలో 2024లో పుట్టినవాళ్లు 6.86 లక్షలే. అయినా ఈ పండుగ సన్నగిల్లలేదు. ఫొటో స్టూడియోలు కిమోనోలను అద్దెకిచ్చి, జుట్టు ముడి వేసి, రద్దీ తప్పించుకోవడానికి వేసవిలోనే ఫొటోలు తీసిపెడతాయి. ఒక్క మనవరాలి చుట్టూ రెండువైపుల తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు నిలబడి ఫొటో దిగుతారు.

ఏడేళ్లతో వేడుకలు ఆగవు. క్యోటో వైపు పదమూడో ఏట అరషియామాలోని హోరిన్-జి గుడికి వెళ్లి జ్ఞానం ప్రసాదించమని మొక్కుతారు. అక్కడి దైవం మన సంస్కృత గ్రంథాల్లోని ఆకాశగర్భ బోధిసత్త్వుడే. తిరిగొచ్చేటప్పుడు తొగెత్సుక్యో వంతెన దాటేదాకా వెనక్కి తిరగకూడదు, తిరిగితే పొందిన జ్ఞానం వెనక్కి పోతుందట. ఇరవయ్యో ఏట జనవరి రెండో సోమవారం యువతీయువకులకు ఊరే వేడుక చేస్తుంది.

ఈ మెట్లన్నిటిలో షిచి-గో-సాన్ ప్రత్యేకం. పదమూడో ఏట జ్ఞానం అడుగుతారు, ఇరవయ్యో ఏట బాధ్యత గుర్తుచేస్తారు. మూడో ఏట, ఐదో ఏట, ఏడో ఏట మాత్రం బిడ్డ నుంచి ఎవరూ ఏమీ ఆశించరు. చురుకైనవాడికీ, మాటలు ఆలస్యంగా వచ్చినవాడికీ, నెలలు నిండకుండా పుట్టి ఆస్పత్రిలో పెరిగినవాడికీ అదే ప్రార్థన, అదే మిఠాయి. ఎల్‌కేజీ సీటు నుంచే పోటీ మొదలయ్యే కాలంలో మనం పట్టించుకోవాల్సింది ఇదే. పిల్లలు గెలిచిన రోజున మెచ్చుకునేవాళ్లు చాలామందే ఉంటారు. గెలుపోటములు మొదలుకాకముందే, ‘నువ్వు ఎదిగావు, మాకదే సంతోషం’ అని ఇల్లంతా కలిసి ఒకసారి బిడ్డకు చెప్పాలి. ఆ మాట చిన్నప్పుడే విన్న పిల్లలు రేపు ఓడినా తలెత్తుకుని ఇంటికొస్తారు.