ఇంటికి వచ్చిన క్రొత్త కంప్యూటరు - రైతు కాగితముల అమరిక

ఇటీవల మన గ్రామములలో కొందరు రైతుల యిండ్లకు కంప్యూటరులు వచ్చుచున్నవి. పిల్లల చదువునకై కొన్నవి కొన్ని. పట్టణమున ఉద్యోగము చేయు కుమారుడు తాను క్రొత్తది కొనుక్కొని పాతదానిని తండ్రికి పంపినవి మరికొన్ని. 2022వ సంవత్సరము జూను నెలలో కేంద్రప్రభుత్వమువారు 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరులతో నడుపుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును అంగీకరించిరి. నాటినుండి సంఘపు లెక్కలును ఆ యంత్రములోనికి చేరుచున్నవి. సంఘమున మన ఖాతా అంత క్రమముగా నుండగా, ఇంటిలో మన రసీదులు మాత్రము ట్రంకుపెట్టె యడుగున చెదలకు విడువబడి యుండుట తగదు. అయితే యంత్రమును కొనుట వేరు, దానిని సరిగా నెలకొల్పి కాగితములను అందులో దొరకునట్లు ఉంచుట వేరు. ఈ రెండవదానిని గూర్చియే మేము వ్రాయ దలచితిమి.

మాకీ పాఠము నష్టము వలన వచ్చినది. ఎనిమిదేండ్లపాటు ప్రదర్శన క్షేత్రములలో మడిమడికి మేము వ్రాసికొనిన దిగుబడి లెక్కలు, నాటిన తేదీలు, చీడలు కనబడిన దినములు అన్నియు తుదకు ఒకే యంత్రమున చేర్చితిమి. వైశాఖ మాసమున ఒకనాటి సాయంకాలము గాలివాన పట్టినది. సమీపమున పిడుగు పడినది; ఇంటి దీపము లొక్కసారి ప్రకాశముగా వెలిగి ఆరిపోయినవి. మరునాడు యంత్రము కదలలేదు. బాగుచేయునతడు విప్పి చూచి, "యంత్రము నడచునట్లు చేయవచ్చును గాని లోపలి వ్రాతలు రావండి" అనెను. మొదటి మూడేండ్ల చేతివ్రాత పుస్తకములు మాత్రము అటకమీద మిగిలియున్నవి. తక్కిన అయిదేండ్ల లెక్క నేటికిని లేదు.

కావున మొదట చోటును గూర్చి చెప్పెదము. వడ్ల బస్తాలున్న గదిలోను, వంటయింటి పొగ తగులు చోటను యంత్రము నుంచరాదు. ధూళి లోపలికి పోయి గాలిమర చుట్టును పేరుకొన్నచో యంత్రము వేడెక్కి చెడును. ఎలుకలు తీగలను కొరుకును గనుక తీగలు నేలమీద పడియుండక గోడవెంబడి పైగా పోవలెను. ప్లగ్గునకు మూడు కాళ్లుండును. సాకెట్టునకు రెండే రంధ్రములున్న వని మూడవ కాలిని విరుగగొట్టు వారిని మేము చూచితిమి. ఆ మూడవది ఎర్తింగునకు సంబంధించినది, దానిని విరుచుట ప్రాణమునకే అపాయము. పిండిమర గాని మోటారు గాని నడచు తీగమీద యంత్రమును తగిలింపకుడు. యు.పి.యస్. అను బ్యాటరీ పెట్టె యొకటి కొనుట మంచిది. అది గంటలకొలది పని చేయించుటకు కాదు. కరెంటు పోయినప్పుడు చేయుచున్న పనిని భద్రపరచి యంత్రమును మర్యాదగా ఆపుటకు వలయు కొన్ని నిమిషము లిచ్చుటకే. ఉరుములు వినబడగానే కరెంటు ప్లగ్గును, ఇంటర్నెట్టు తీగను రెంటిని ఊడదీయవలెను. మేము ఆనాడు మొదటిది కూడ తీయలేదు.

యంత్రమును మొదటిసారి తెరచినప్పుడు అది ఖాతాపేరును, సంకేతపదమును అడుగును. అమ్మిన దుకాణపు కుర్రవాడు తన కిష్టమైన దేదో వ్రాసి వెళ్లిపోవుట సామాన్యముగా జరుగుచున్నది. అట్లు కానీయక, ఇంటివారే ఎదుట కూర్చుండి తామే పెట్టుకొని, ఒక చిన్న పుస్తకమున వ్రాసి, పట్టాదారు పాసు పుస్తకములున్న పెట్టెలో నుంచవలెను. విండోస్ 11 ఉన్న క్రొత్త యంత్రములలో అనేకము మైక్రోసాఫ్టు ఖాతాతో తెరచినంతనే లోపలి డిస్కునకు తమంత తామే తాళము వేసికొనును. దాని మారుతాళము 48 అంకెల సంఖ్య. అది ఎవరి ఖాతాలో చేరినదో తెలియకున్నచో ఒకనాడు మన కాగితములు మనకే అందకపోవును. ఆ సంఖ్యను కూడ అదే పుస్తకమున దింపుకొనుడు. కుమారుడు పంపిన పాత యంత్రమైనచో అందు విండోస్ 10 ఉన్నదేమో విచారింపవలెను. 2025 అక్టోబరు 14తో దానికి సాధారణ మద్దతు ముగిసినది. క్రొత్తదానిని ఆ యంత్రము మోయలేనిచో, లినక్సు అను వెల లేని ఏర్పాటును వేయించుకొనవచ్చును.

తెలుగు వ్రాయుటను గూర్చి ఒక్క మాట. ముద్రణపు దుకాణములలో పాత అక్షరముల పద్ధతిని వ్రాసియిచ్చిన అర్జీ వేరొక యంత్రమున తెరచిన అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపుగా కనబడును. యూనికోడు అను సర్వసమ్మతమైన పద్ధతి 1991నుండి తెలుగునకును చోటిచ్చినది. ఆ పద్ధతిని వ్రాసిన తెలుగు నేటి యంత్రములన్నింటను, సెల్ ఫోనులోను చదువబడును. యంత్రపు అమరికలలో తెలుగు భాషను చేర్చుకొన్నచో ఇందుకు వేరే ఖర్చు లేదు.

ఇక ముఖ్యమైన సంగతి. మొన్న ఒక సభ్యులు మాయొద్దకు వచ్చి, తాము గడువులోపల కట్టిన పంట ఋణపు వాయిదా ఋణమిచ్చినవారి లెక్కలో బాకీగా కనబడుచున్నదని చెప్పిరి. కట్టలేదని తేలినచో, గడువున తీర్చినవారికి కేంద్రప్రభుత్వ మిచ్చు 3 శాతము వడ్డీ రాయితీ పోవును. రసీదు తెచ్చితిరా యనగా జేబునుండి ఒక తెల్లని కాగితపు ముక్కను తీసిరి. దానిపై ఒక్క అక్షరము లేదు! యంత్రము వేడితో అచ్చువేయు ఆ నున్నని కాగితములపై వ్రాత ఎండకు, వేడిమికి వెలిసిపోవును. ఇది పెక్కుమందికి తెలియదు. అదృష్టవశమున వారి కుమార్తె కట్టిననాడే దానిని ఫోనుతో చిత్రము తీసి కంప్యూటరులో నెక్కించియున్నది. కాని అది పెండ్లి చిత్రములు, పుట్టిన పండుగలు, కోడిపుంజుల చిత్రములు మొదలగు నాలుగువేల చిత్రముల మధ్య, ఫోను పెట్టిన అంకెల పేరుతోనే యుండినది. తండ్రియు కూతురును రెండు దినములు వెదకిరి. దొరకినది గనుక సరిపోయినది.

మేము చదువుకొనిన మిషను పాఠశాలలో గ్రంథాలయపు పుస్తకమును ఒక బీరువానుండి తీసి మరియొక దానిలో పెట్టినవానికి, పుస్తకమును పోగొట్టినవానికి విధించు జుల్మానాయే విధించెడివారు. అప్పుడది మాకు అన్యాయముగా తోచెను. ఇప్పుడు తోచదు.

1984లో కరణము ఉద్యోగములు రద్దగువరకు గ్రామములలో కరణముగారి దఫ్తరము ఎట్లుండెడిదో పెద్దలకు జ్ఞాపకముండును. కరణముగారి నడవడిని గూర్చి ఎవరేమనుకొన్నను, లెక్కకొక నంబరు, ఫసలీకొక కట్ట యను ఆ ఏర్పాటు మంచిది. గ్రామ మెరుగని క్రొత్త అధికారి వచ్చినను అడంగలు ఏ కట్టలో నుండునో చెప్పగలిగెడివాడు. మనమును అట్లే చేయవలెను. యంత్రమున 'కాగితములు' అని ఒక ఫోల్డరును తెరచి, అందు భూమి, పంట, అప్పులు, కుటుంబము అని నాలుగు ఫోల్డరులను మాత్రమే పెట్టుడు. ఇరువది పెట్టినవారు ఏది ఎందులో వేయవలెనో తోచక అన్నిటిని బయటనే వదలుదురు.

భూమి ఫోల్డరున సర్వే నంబరున కొకటి చొప్పున ఉండవలెను. దస్తావేజు నకలు, 1-బి, కొలత పటము, ఏవైన తగాదాల కాగితములు ఆయా నంబరుక్రిందనే చేరవలెను. ఇక్కడ ఒక చిక్కు కలదు: 112/2 అని మనము వ్రాయు ఏటవాలు గీతను విండోస్ పేర్లలో అంగీకరింపదు, 112-2 అని వ్రాసికొనవలెను.

పంట ఫోల్డరును ఆంగ్ల సంవత్సరము ననుసరించి విభజించిన చిక్కుపడుదురు. ఏలన, ఖరీఫు వరి జూలైలో నాటి, వడ్లు జనవరిలో అమ్మినచో ఎరువుల రసీదులొక చోటను అమ్మకపు రసీదు మరియొక చోటను పడును. మన పూర్వుల ఫసలీ జూలై 1న మొదలై జూను 30తో ముగియును. ఖరీఫు రబీలు రెండును అందే ఇముడును. 2025 జూలైనుండి 2026 జూనువరకు ఫసలీ 1435. ఆ పేరుతో నొక ఫోల్డరు తెరచి విత్తనము, ఎరువు, కూలి, బీమా, అమ్మకము అన్నియు అందే వేయుడు. సంవత్సరాంతమున ఎకరమునకు ఎంత మిగిలినదో లెక్కించుటకు వేరొక చోట వెదకనక్కరలేదు. భూసార పరీక్ష పత్రము మాత్రము భూమి ఫోల్డరునకు చెందును. అది పంటతో పోవునది కాదు.

ప్రతి కాగితమునకు పేరు పెట్టునప్పుడు తేదీని సంవత్సరము, నెల, దినము అను వరుసను ముందు వ్రాయవలెను: '2025-12-18 వడ్ల అమ్మకము'. అప్పుడు యంత్రమే వానిని తేదీవరుసను పేర్చును. మన వాడుకచొప్పున 18 మొదట వ్రాసినచో అన్ని నెలల పదునెనిమిదవ తేదీలు ఒకచోట గుమిగూడును. చిత్రము తీయునప్పుడు కాగితమును పగటి వెలుగున చదునుగా పరచి నాలుగు మూలలు కనబడునట్లు తీయుడు. వాట్సాపులో చిత్రముగా పంపినచో అది కుదించబడి ముద్రలు మసకబారును; డాక్యుమెంటుగా పంపవలెను. నకలు ఎంత బాగుగా నున్నను అసలు దస్తావేజును పారవేయరాదని వేరుగా చెప్ప నక్కరలేదనుకొందుము. అట్లు పారవేసినవా రొకరున్నారు గనుక చెప్పితిమి.

ఇన్ని చేసినను ఒకే ప్రతి యున్నచో మా గతియే పట్టును. మూడు ప్రతులుండవలెను, రెండు వేర్వేరు సాధనములపై నుండవలెను, ఒకటి ఇంటి కప్పుక్రింద ఉండరాదు. యంత్రములోని దొకటి, విడిగా కొనిన హార్డు డిస్కుపై నొకటి, పొరుగూరి తోబుట్టువుల యింట గాని ఇంటర్నెట్టు భాండాగారమున గాని ఒకటి. డిస్కును ఎప్పుడును యంత్రమునకు తగిలించి యుంచరాదు. పిడుగు వచ్చినను, దొంగ ప్రోగ్రాము చొరబడినను రెండును కలిసి పోవును. ఈ పత్రిక ఇంటికి వచ్చిన దినమున నెలకొకసారి ప్రతి తీసికొను అలవాటు చేసికొనుడు. తీసిన ప్రతినుండి రెండు మూడు ఫైళ్లను తెరచి చూడుడు. తెరువబడని ప్రతి ప్రతి కాదు.

బ్యాంకువారమని ఫోను చేసి ఓ.టి.పి. అడిగినవారికిని, యంత్రమును దూరమునుండి చూచెద మనువారికిని ఏదియు ఈయకుడు. మోసపోయినచో ఆలసింపక 1930 నంబరునకు చెప్పవలెను.

అమరిక కుదిరినదో లేదో తెలిసికొనుటకు ఒక ఉపాయము కలదు. ఇంటి యజమాని నోరు మెదపక కూర్చుండి, భార్యను గాని కోడలిని గాని ఫలానా నంబరు 1-బి తీయుమని అడుగవలెను. తాంబూలము వేసికొనునంత సేపటిలో తీసినచో సరి. యజమాని లేని దినమున ఆ కాగితము వెదకవలసినది వారే గదా.

ఇదివరకే వేలకొలది చిత్రములు పోగుపడియున్నవారు ముందుగా వానిని సర్దబూని విసిగి మానివేయుదురు. అట్లు చేయక, ఉన్నవన్నియు 'పాతవి' అను ఒక ఫోల్డరులో పడవేసి, నేటి రసీదునుండి క్రొత్త వరుసను మొదలుపెట్టుడు. పాతవానిని ముసురు పట్టి పొలమునకు పోవ వీలుకాని దినములలో కొంచెము కొంచెముగా ఏరుకొనవచ్చును.